ఆ ఖాళీలో నంబర్ వేసేది మనమే

ప్రపంచబ్యాంకు అప్పుతో నడిచే ప్రాజెక్టులో కన్సల్టెంట్లని పెట్టుకోవాలంటే కంపెనీల్ని ప్రపోజల్స్ పంపమని అడిగే ఒక స్టాండర్డ్ డాక్యుమెంట్ ఉంటుంది, ఆర్‌ఎఫ్‌పి అంటారు. ఈ లైన్లో ఉన్నవాళ్లకి బట్టీ వచ్చేసి ఉంటుంది, బయటివాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు. అందులో డేటా షీట్ అని ఒక భాగం, రేటు కాకుండా పని గురించి చెప్పే టెక్నికల్ ప్రపోజల్‌కి నూటికి మార్కులు ఎలా వెయ్యాలో అక్కడ ఉంటుంది. కంపెనీ అనుభవానికి 0 నుంచి 10, పని ఎలా చేస్తారో చెప్పే మెథడాలజీకి 20 నుంచి 50, కీ ఎక్స్‌పర్ట్స్ అంటే ముఖ్యమైన నిపుణులకి 30 నుంచి 60. ఆ కింద ఇంకో రెండు లైన్లు. ఇక్కడివాళ్లకి పని నేర్పి వెళ్లడానికి 0 నుంచి 10, నిపుణుల్లో ఈ దేశం వాళ్లు ఉంటే దానికి 0 నుంచి 10. ఇక ఒక్కో నిపుణుడి సీవీకి వేసే మార్కుల్ని మళ్లీ మూడు ముక్కలు చేస్తారు. చదువుకి 10 నుంచి 20 శాతం. ఇలాంటి పనులు ఇంతకుముందు ఎన్ని చేశాడన్న దానికి 60 నుంచి 80 శాతం. ఆ ప్రాంతం, అక్కడి భాష, అక్కడి ప్రభుత్వ వ్యవహారం తెలిసి ఉండటానికి 0 నుంచి 10 శాతం.

సున్నా నుంచి పది. నేను ఇవాళ రాయాలనుకున్నదంతా ఆ సున్నా గురించే.

ఒకసారి లెక్క వేసి చూడండి. టీమ్ లీడర్‌కి 15 మార్కులు పెట్టారనుకుందాం, భాషకీ ప్రాంతానికీ ఉన్న గరిష్ఠం అంటే 10 శాతం ఇచ్చారనే అనుకుందాం, అంటే ఒకటిన్నర మార్కు. క్వాలిటీ అండ్ కాస్ట్ పద్ధతిలో టెక్నికల్‌కి మామూలుగా 80 శాతం వెయిటేజ్, రేటుకి 20, కాబట్టి చివరికి ఆ ఒకటిన్నర 1.2 అవుతుంది. అదే తక్కువ కోట్ చేసిన కంపెనీ కంటే మీరు పది శాతం ఎక్కువ కోట్ చేశారనుకోండి, పోయే మార్కులు దాదాపు 1.8. అంటే తెలుగు రాని, మండల ఆఫీసు ఎలా నడుస్తుందో తెలియని టీమ్ లీడర్ని పెట్టుకుని రేటు కాస్త తగ్గించుకున్నా చాలు, గెలిచేస్తారు. ఇది ఎవరో కావాలని చేసిన కుట్ర అని నేను అనట్లేదు, కానీ ఈ లెక్క ఇలా ఉన్నంతకాలం పనికొచ్చే మనిషి పనికి రాకుండా బయటే ఉండిపోతాడు, ఉండిపోతుంది.

నేను ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఉండేది తార్నాకలో. గ్రామీణ జీవనోపాధులు, మానిటరింగ్, ఇవాల్యుయేషన్ నా సబ్జెక్ట్. మొదలుపెట్టింది మాత్రం మహిళా సంఘాల వెలుగు ప్రాజెక్ట్ రోజుల్లో, మండలంలో సీసీగా, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా. ఈ మధ్య మా చిన్నాన్న కూతురు ఎంఏ డెవలప్‌మెంట్ స్టడీస్ పూర్తి చేసి "అక్కా, ఈ లైన్లోకి రావాలంటే ఏం చెయ్యాలి" అని అడుగుతోంది, దానికి చెప్పాల్సిన సంగతులు చెప్పాను, ఏడీబీ అంటే ఆసియా అభివృద్ధి బ్యాంకు సైట్‌లో రిజిస్టర్ చేసుకో, యూఎన్ వాళ్ల ఇండివిడ్యువల్ కాంట్రాక్టులు చూడు, సీవీలో ప్రతి పనికీ నెలలు తేదీలు క్లయింట్ పేరు సరిగ్గా రాసుకో, ఇవన్నీ. అవి తేలికైన సంగతులు. తేలిక కానిది ఒకటుంది, ఈ పనిలో నిజంగా నిపుణులు ఎవరు అన్న ప్రశ్న, దానికి ఈ ఊళ్లోనే, మన రెండు రాష్ట్రాల్లోనే మంచి జవాబు ఉంది, దాన్ని మనమే పక్కన పెట్టేశాం.

ఆ జవాబు చెప్పే ముందు సీవీల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బయట ఎవరికీ ఇది తెలీదు. సాయంత్రం ఎప్పుడో ఫోన్ వస్తుంది, మేడమ్ మీ సీవీ టెక్-6 ఫార్మాట్‌లో పంపగలరా, రేపే సబ్మిషన్ అని. టెక్-6 అంటే టీమ్ వివరాలు, సీవీలు పెట్టే ఫారం. దాని చివర ఒక డిక్లరేషన్ ఉంటుంది, ఇందులో రాసినవన్నీ నిజం, కాంట్రాక్ట్ వస్తే నేను ఈ పనికి అందుబాటులో ఉంటాను అని, దాని కింద సంతకం చెయ్యాలి. మనం సంతకం పెట్టి పంపిస్తాం. ఒకసారి ఇలాగే ఉత్తరాది కంపెనీ ఒకటి నా సీవీ పెట్టి బిడ్ గెలిచింది. ఆ తర్వాత నాకు ఒక్క ఫోన్ లేదు. కొన్నాళ్లకి ఆ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒకాయన సెక్రటేరియట్ దగ్గర కనపడి "ఏంటమ్మా ఒంట్లో ఎలా ఉంది" అని అడిగారు. నేను అనారోగ్యం వల్ల రాలేనన్నానని, నా బదులు ఇంకొకరిని పెడుతున్నామని కంపెనీ వాళ్లు లెటర్ ఇచ్చారట. కాంట్రాక్ట్ రూల్ ప్రకారం కీ ఎక్స్‌పర్ట్‌ని మార్చాలంటే చనిపోవడమో, పనిచేయలేనంత జబ్బో, అలా వాళ్ల చేతిలో లేని కారణం ఉండాలి, పెట్టే మనిషికి సమానమైన లేదా ఎక్కువ అర్హత ఉండాలి. నేనా టైమంతా తార్నాకలో ఆరోగ్యంగానే ఉన్నాను. వచ్చినాయనకి డిగ్రీలు నాకంటే ఎక్కువే, కాగితం మీద రూల్ తప్పలేదు, కానీ సంఘం పుస్తకం ఎప్పుడూ తెరిచి చూడని మనిషి సంఘాల మీద రిపోర్ట్ రాశాడు. నాకు ఫీజు పోయినందుకు కోపం వచ్చింది, కాదనను. అంతకంటే ఎక్కువ కోపం ఆ రిపోర్ట్ చదివాక వచ్చింది, ఏ జిల్లా పేరు పెట్టినా సరిపోయేలా ఉంది అది.

సరే, జవాబు దగ్గరికి వస్తాను.

2000లో ప్రపంచబ్యాంకు 11.1 కోట్ల డాలర్ల అప్పుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరు పేద జిల్లాల్లో వెలుగు మొదలైంది, శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్. దానికి ముందే 90ల మధ్య నుంచి యూఎన్‌డీపీ వాళ్ల సౌత్ ఏషియా ప్రోగ్రాం మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో మహిళా సంఘాల మీద పనిచేసి ఉంది, ఆ పునాది మీదే ఇది లేచింది. 2003లో ఇంకో 15 కోట్ల డాలర్ల అప్పుతో మిగతా జిల్లాలకీ వెళ్లింది. నడిపింది సెర్ప్, అంటే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, నాంపల్లి హెర్మిటేజ్ కాంప్లెక్స్‌లో నాలుగో అంతస్తు. ఆ మెట్ల మీద, ఆ వరండాల్లో జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్లు సంచులు పక్కన పెట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు, మీటింగ్ ఎప్పుడు మొదలవుతుందా అని. వాళ్లలో చాలామంది సీఆర్‌పీలు, కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్స్. సంఘంలో చేరి, పొదుపు చేసి, అప్పు తీసుకుని, కట్టి, తమ ఇంటి పరిస్థితి మార్చుకున్న ఆడవాళ్లే, పక్క ఊళ్లో సంఘాలు పెట్టించడానికి వెళ్లేవాళ్లు. తర్వాత పక్క జిల్లాకి. ఆ తర్వాత బీహార్‌కి, రాజస్థాన్‌కి, మధ్యప్రదేశ్‌కి.

ఇది చదివేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. పాలమూరు పల్లె నుంచి ఒకామె, బడికి సరిగ్గా వెళ్లనామె, రైలెక్కి బీహార్‌లో ఒక ఊళ్లో దిగి, అక్కడే ఎవరింట్లోనో ఉండి, పదిహేను రోజులు ఆ ఊరి ఆడవాళ్లతో కూర్చుని సంఘం పెట్టించి, ఇంకో ఊరికి వెళ్లేది. ఒక రౌండ్ అంటే మూడు ఊళ్లు, నలభై ఐదు రోజులు. చెప్పేది ఐదు సూత్రాలు: వారం వారం మీటింగ్, వారం వారం పొదుపు, ఆ డబ్బు లోపలే అప్పు ఇచ్చుకోవడం, వాయిదా తప్పకుండా కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఒకామెని నేను అడిగాను, హిందీ ఎట్లా మాట్లాడినవమ్మా అని. "మొదాలు రాలే మేడమ్. నా పాస్‌బుక్కు తీస్కపోయిన గదా, అది ముందట వెట్టిన. గింత తీస్కున్న, గింత కట్టిన, బర్రెను కొన్న అని ఏలు వెట్టి సూపెట్టిన. అండ్ల అంకెలు ఆళ్లకు గూడ సమజైతయ్ గదా. నాలుగు దినాలకు మాట్లాడుడు అదే అచ్చింది" అంది. ఆ పాస్‌బుక్ అంచులు నలిగిపోయి ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిప్పుతోంది. ఆ ఊళ్లో ఆడవాళ్లకి ముందు వచ్చే అనుమానం ఒకటే, ఈ డబ్బులు ఎవరో ఎత్తుకుపోతారని. దానికి పవర్‌పాయింట్‌లో జవాబు లేదు, ఎందుకంటే ఆ అనుమానం పడి, అయినా పది రూపాయలు పెట్టి, అవి తిరిగొస్తాయని చూసిన మనిషి చెబితేనే నమ్ముతారు.

2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు, దానికి ప్రపంచబ్యాంకు వంద కోట్ల డాలర్ల అప్పు ఇచ్చినప్పుడు, ఈ పద్ధతే దేశం మొత్తానికి మోడల్ అయింది. సెర్ప్‌ని రిసోర్స్ ఆర్గనైజేషన్‌గా పెట్టుకుని రాష్ట్రాలు ఎంఓయూలు రాసుకున్నాయి. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ ఆడవాళ్లు ఏ ఆర్‌ఎఫ్‌పి లోనుంచీ రాలేదు. మార్కుల పద్ధతిలో వెళ్లి ఉంటే వాళ్లు టెక్నికల్‌లోనే పోయేవాళ్లు, చదువుకి సున్నా, ఇలాంటి అసైన్‌మెంట్లకి సున్నా. ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం కాబట్టి వాళ్లకి దారి దొరికింది. మన దగ్గర్నుంచి బయటికి వెళ్లిన టెక్నికల్ అసిస్టెన్స్‌లో, నా లెక్కలో అన్నిటికంటే గట్టిగా నిలబడింది ఇదే, అది కన్సల్టెన్సీ సెలక్షన్ పద్ధతి పక్కనుంచి వెళ్లింది తప్ప దాని గుండా వెళ్లలేదు.

ఇంకోటి చెప్తాను, నీళ్ల సంగతి. ఏపీఫామ్స్ అని ఒక ప్రాజెక్ట్, పూర్తి పేరు పెద్దది, రైతులే నడుపుకునే భూగర్భ జల వ్యవస్థలు అనుకోండి. మొదట నెదర్లాండ్స్ డబ్బు. 2003లో మన కేంద్ర ప్రభుత్వం చిన్న దాతల దగ్గర నేరుగా సాయం తీసుకోం అని నిర్ణయించింది, దాంతో అది ఎఫ్‌ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేతికి వెళ్లింది, కింద నంద్యాల దగ్గరి బర్డ్స్ సంస్థ, ఇంకొన్ని సంస్థలు కలిసి నడిపాయి. ఏడు కరువు జిల్లాలు: అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం. అక్కడ ఒక రైతు బోరు దగ్గర ఏం చేసేవాడో చూసి తీరాల్సింది. చేతిలో రీలుకి చుట్టిన టేపు, దాని కొసన సెన్సర్. కేసింగ్ మూత తీసి నెమ్మదిగా లోపలికి వదులుతాడు, సెన్సర్ నీళ్లకి తగలగానే రీలు దగ్గర శబ్దం వస్తుంది, అక్కడ టేపు మీద వేలు పట్టి అంకె చదువుతాడు, పక్కనున్నామె నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. పదిహేను రోజులకోసారి నీటి మట్టం. మోటారు నీళ్లు ఎంత పోస్తోందో డ్రమ్ము పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని కొలవడం నెలకోసారి. వాన పడితే రోజూ రెయిన్ గేజ్ దగ్గరికి. ఇవన్నీ ఊళ్లో గోడ మీద బోర్డుకి ఎక్కుతాయి, ఎవరైనా చూడొచ్చు. రబీ ముందు అందరూ కూర్చుని లెక్క కడతారు, ఈ ఏడు కురిసిందెంత, లోపల ఉన్నదెంత, మనం వెయ్యాలనుకున్న పంటలకి కావాల్సిందెంత. వరి అందరూ వేస్తే చాలదని అక్కడే తేలిపోతుంది. ఎవరూ ఎవరికీ ఆర్డర్ వెయ్యరు. పక్కవాడు ఎంత తోడుతున్నాడో గోడ మీద ఉంది కాబట్టి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకుంటారు.

హైడ్రోజియాలజిస్టులు లేకుండా ఇది జరగలేదు, అది ఒప్పుకోవాలి. ఆ టేపు ఎలా వాడాలో, భూమి కింద నీళ్ల యూనిట్ ఊరి సరిహద్దుతో కలవదని, పైనున్న మూడు ఊళ్ల నీళ్లు కింద ఒకటేనని చెప్పింది వాళ్లే. కానీ వాళ్లు రిపోర్ట్ రాసి వెళ్లిపోకుండా కొలిచే పనిని రైతు చేతికి ఇచ్చారు. డేటా రైతుదే, కలెక్టర్ ఆఫీస్‌కి వెళ్లి ఆర్టీఐ పెట్టి తెచ్చుకోనక్కర్లేదు. దీన్నే నేను నేర్పించి వెళ్లడం అంటాను, డేటా షీట్‌లో 0 నుంచి 10 అని ఉన్న ఆ లైన్ నిజంగా అడగాల్సింది దీన్ని. మన ఆర్‌ఎఫ్‌పిల్లో దాని కింద ఏముంటుందంటే రెండు రోజుల వర్క్‌షాప్, హోటల్లో, సాయంత్రం సర్టిఫికెట్లు.

ఇప్పుడు మరీ ఎక్కువైన ఇంకో సంగతి పీఎంయూలు. ఏ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ యూనిట్ అని ఒక గది, అందులో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని ఇరవై ఐదు, ఇరవై ఎనిమిదేళ్ల పిల్లలు. తెలివైనవాళ్లు, రాత్రి తొమ్మిది దాకా కూర్చుంటారు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు ఎక్కడంటే, టెక్నికల్ అసిస్టెన్స్ పేరుతో వచ్చిన డబ్బు డిపార్ట్‌మెంట్‌కి పని చేతనయ్యేలా చెయ్యాలి, ఇది డిపార్ట్‌మెంట్ పనే తను చేసేస్తోంది. పోస్టులు ఖాళీగా ఉంటాయి, ఆ పని పీఎంయూ చేస్తుంది, ప్రాజెక్ట్ అయిపోతుంది, ఆ గది ఖాళీ అవుతుంది, ఎక్సెల్ ఫైల్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. మళ్లీ కొత్త ప్రాజెక్ట్ వస్తుంది, మళ్లీ మొదట్లో ఉన్న పరిస్థితి రాసుకునే బేస్‌లైన్ సర్వే, అవే ఊళ్లు, అవే ప్రశ్నలు. ఒక ఊళ్లో ఒక పెద్దావిడ మా టీమ్‌ని చూసి "పోయినసారి ఒచ్చినోళ్లకు అన్నీ చెప్పిన గదా బిడ్డా, ఆళ్లు మీకు చెప్పలేదా" అని అడిగింది. చెప్పలేదు. ఆ రిపోర్ట్ మాకు దొరకనే లేదు.

దాతలు వెళ్లిపోతే ఏమవుతుందో 2025లో అందరం చూశాం. జనవరి 20న అమెరికా విదేశీ సాయం మొత్తం 90 రోజులు ఆపమని ఆర్డర్ వచ్చింది, మార్చి కల్లా యుఎస్‌ఎయిడ్ ప్రోగ్రాముల్లో 83 శాతం రద్దు చేస్తున్నాం అన్నారు, జూలై 1కి ఆ సంస్థే లేదు, 1961 నుంచి ఉన్న సంస్థ. హైదరాబాద్‌లో హెల్త్ ప్రాజెక్టుల్లో పనిచేసే నా స్నేహితులు కొందరు ఉన్నట్టుండి ఇంట్లో కూర్చున్నారు. నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో పెట్టిన మిత్ర్ క్లినిక్ మూతపడింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. ఆ క్లినిక్‌లో పనిచేసేవాళ్లలో చాలామంది ఆ సమాజం వాళ్లే. వచ్చినవాళ్లు భయపడకుండా లోపలికి రావడానికి కారణం అదే, డాక్టర్ ఎదురుగా కూర్చునే ముందు రిసెప్షన్‌లో తమలాంటి మనిషి కనిపించడం. అంత జాగ్రత్తగా కట్టిన పని ఒక సంతకంతో ఆగిపోయిందంటే, దాన్ని మన ఆరోగ్య శాఖ బడ్జెట్‌లోకి, మన ఉద్యోగాల్లోకి తెచ్చుకునే ప్లాన్ మొదటి రోజు నుంచే ఉండాల్సింది. ఎగ్జిట్ ప్లాన్ అని ప్రతి ప్రపోజల్‌లో ఒక చాప్టర్ ఉంటుంది. దాన్ని చివరి సంవత్సరంలో తెరుస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. బయటి నిపుణులు వద్దంటున్నావా అని. అస్సలు కాదు. బయటి మనిషి కొన్నిసార్లు ఇక్కడివాళ్లకి కనపడనిది చూస్తాడు, కనపడినా నోరు విప్పలేనిది చెప్తాడు. సర్వే లిస్టులో దళితవాడ ఇళ్లు మిస్సయ్యాయని మొదట అడిగింది మా టీమ్‌లో ఊరివాళ్లు కాదు, నెల కిందట దేశానికి వచ్చిన ఒక విదేశీ స్టాటిస్టీషియన్, శాంపిల్ లెక్క తేలక ఆవిడ పట్టుబట్టి అడిగితే అప్పుడు బయటపడింది. ఊరివాళ్లకి ఆ లిస్ట్ మామూలుగానే కనిపించింది, అదే కదా భయం వేసే సంగతి. కాబట్టి లోకల్ అయితే చాలు అని నేను అనను. అసలు లోకల్ అంటే ఎవరు? నేను తార్నాకలో ఉండి ఉట్నూరులో గోండు గూడేనికి వెళ్తే నేను అక్కడ బయటిదాన్నే. అక్కడ భాష తెలుగు అని ఫారంలో రాసేసి మార్కులు తీసుకుంటే అది ఆ ఊరికి అన్యాయం. భాషకి మార్కులు అంటే పని జరిగే ఊళ్లో ఇళ్లలో మాట్లాడే భాషకి, రాష్ట్ర అధికార భాషకి కాదు.

ఇంకో ఉదాహరణ ఉంది, ఈ సంగతి ఎంత దూరం వెళ్తుందో చూపించడానికి. 1999లో మన కరెంటు బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడదీశారు, 21 కోట్ల డాలర్ల ప్రపంచబ్యాంకు అప్పు, పక్కన బ్రిటన్ సాయం సంస్థ డిఎఫ్‌ఐడి, కెనడా సాయం సంస్థ సిడా వాళ్ల టెక్నికల్ సాయం. బోర్డు నష్టాలు నిజం, కరెంటు దొంగతనం నిజం, ఏదో ఒకటి చెయ్యక తప్పని పరిస్థితి కూడా నిజమే. 2000లో ఛార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకి వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. దానికి కన్సల్టెంట్లే బాధ్యులు అని రాయడం తప్పవుతుంది, నిర్ణయాలు ప్రభుత్వానివి. కానీ ఇంత పెద్ద సంస్కరణకి ఇంజనీర్లు, ఫైనాన్స్ నిపుణులు, న్యాయ నిపుణులు టీమ్‌లో ఉన్నప్పుడు, ఇంటి బిల్లు ఇంత పెరిగితే ఊళ్లో ఏం జరుగుతుందో చెప్పగలిగే మనిషికి కూడా అదే టేబుల్ దగ్గర, అదే ఫీజుతో కుర్చీ ఉండాలి కదా. పబ్లిక్ హియరింగ్‌లో మూడు నిమిషాలు మైక్ ఇవ్వడం వేరు, టీమ్‌లో కుర్చీ ఇవ్వడం వేరు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మాటలు ఎక్కడ మాట్లాడినా అందరూ వాషింగ్టన్‌లో ప్రపంచబ్యాంకునో మనీలాలో ఏడీబీనో తిడతారు. వాళ్లని తిట్టడానికి కారణాలున్నాయి, ఆ 10 అనే పైహద్దు పెట్టింది వాళ్లే. కానీ మార్కుల దగ్గర బ్రాకెట్లలో ఖాళీలు ఉంటాయి, అందులో నంబర్ వేసేది అప్పు తీసుకున్నవాళ్లు, అంటే మన డిపార్ట్‌మెంట్, మన సొసైటీ, హైదరాబాద్‌లోనే ఏదో అంతస్తులో కూర్చున్న ప్రొక్యూర్‌మెంట్ ఆఫీసర్. పెద్ద కాంట్రాక్ట్ అయితే బ్యాంకు చూసి నో అబ్జెక్షన్ ఇస్తుంది. 0 అని వేసినా ఇస్తుంది, 10 అని వేసినా ఇస్తుంది. నేను చూసిన వాటిలో భాషకి 5 అనో, నేర్పించి వెళ్లడానికి 0 అనో ఉన్నవే ఎక్కువ. ఎందుకని అడిగితే జవాబులు దాదాపు ఒకటే. పాత ఆర్‌ఎఫ్‌పి కాపీ చేశాం. ఓడిపోయిన కంపెనీ కోర్టుకెళ్తే డిగ్రీ చూపించొచ్చు, ప్రాంతం తెలుసని ఎలా చూపిస్తాం. రేపు ఆడిట్ వస్తే ఎవరు సమాధానం చెప్తారు. ఈ భయాలు నిజమైనవి, ఆఫీసర్లని తీసిపారేయలేం, ఒక్క ఆడిట్ పేరా చాలు ప్రమోషన్ ఆగిపోవడానికి. కొన్నిచోట్ల ఆర్‌ఎఫ్‌పి రాసేది కూడా ఇంకో కన్సల్టెంటే, వాళ్లకి తెలిసిన మార్కులు వాళ్లు వేస్తారు.

అయితే భయం ఉన్నచోట రుజువు అడిగే పద్ధతి పెట్టుకోవచ్చు. ఆ జిల్లాలో ఎన్ని నెలలు పనిచేశారో క్లయింట్ సర్టిఫికెట్ అడగొచ్చు. సీఆర్‌పీ అయితే ఎన్ని రౌండ్లు వెళ్లిందో, ఎన్ని సంఘాలు పెట్టించిందో మండలంలోని మహిళా సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్య రిజిస్టర్‌లో ఉంటుంది, అది డిగ్రీ సర్టిఫికెట్ కంటే తక్కువ కాగితమేమీ కాదు. కీ ఎక్స్‌పర్ట్ అర్హతలు రాసేది కూడా మనమే, పీజీ తప్పనిసరి అని టీఓఆర్‌లో, అంటే పని వివరాలు రాసే పత్రంలో, ఎవరూ పైనుంచి రాయించట్లేదు, పీజీ లేదా దానికి సమానమైన అనుభవం అని రాస్తే సరిపోతుంది. డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో పేమెంట్ షెడ్యూల్ కూడా మన చేతిలోదే. పని మొదట్లో ఇచ్చే ఇన్సెప్షన్ రిపోర్ట్‌కి ఇంత, డ్రాఫ్ట్‌కి ఇంత, ఫైనల్‌కి ఇంత అని కాగితాలకి డబ్బు కడుతున్నాం, అందుకే కాగితాలు వస్తున్నాయి.

కన్సల్టెంట్ల వైపు నుంచి కూడా చెయ్యాల్సింది ఉంది. ప్రీ-బిడ్ మీటింగ్‌లో ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, దానికి జవాబు బిడ్డర్లందరికీ వెళ్తుంది, అవసరమైతే ఆర్‌ఎఫ్‌పినే సవరిస్తారు. టెక్-3 అని ఇంకో ఫారం ఉంది, టీఓఆర్ మీద మన వ్యాఖ్యలు రాయడానికి. చాలామంది అందులో "టీఓఆర్ చాలా బాగుంది" అని రెండు లైన్లు రాసి వదిలేస్తారు, మార్కులు పోతాయేమోనని. నేను ఈ ఏడాది నుంచి ప్రతి బిడ్‌లో అక్కడ ఈ సంగతే రాయిస్తున్నాను. ఒక కంపెనీ వద్దంది, వాళ్లకి సీవీ ఇవ్వలేదు. మా చెల్లికి కూడా చెప్పింది ఇదే, నీకు డిగ్రీ ఉంది కాబట్టి టేబుల్ దగ్గర కుర్చీ తొందరగా దొరుకుతుంది, దొరికిన రోజు నుంచి పక్క కుర్చీ ఎవరికి ఇవ్వాలో అడుగుతూ ఉండు.

డిపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ల కోసం, టీఓఆర్‌లో నేరుగా పెట్టుకోగలిగేలా ఒక క్లాజ్ రాశాను:

"ఈ పనిని క్షేత్రంలో స్వయంగా చేసి, ఇతరులకి నేర్పిన వ్యక్తుల అనుభవాన్ని, మండల సమాఖ్య లేదా సంబంధిత సంస్థ రిజిస్టర్ ఆధారంగా, పోస్ట్ గ్రాడ్యుయేషన్‌కి సమానంగా పరిగణిస్తారు. కీ ఎక్స్‌పర్ట్స్‌లో కనీసం ఇద్దరు ఇలాంటివారై ఉండాలి. వారు పనిచేసే రోజులు, వారికిచ్చే రోజువారీ ఫీజు ఫైనాన్షియల్ ప్రపోజల్‌లో విడిగా చూపించాలి. ప్రాంతీయ అనుభవానికీ, పని జరిగే ఊళ్లలో మాట్లాడే భాషకీ 10 శాతం, పని నేర్పించడానికి 10 మార్కులు ఉంటాయి. సేకరించిన డేటా ఊరికి అర్థమయ్యే భాషలో గ్రామ పంచాయతీకి అందజేసి, రసీదు జతచేయాలి. మొత్తం ఫీజులో చివరి 20 శాతం, శాఖ సిబ్బంది కన్సల్టెంట్ సాయం లేకుండా ఒక పూర్తి సీజన్ ఆ పని నడిపిన తర్వాత చెల్లిస్తారు."

ఇదే క్లాజ్ ఇంగ్లీష్‌లో, ఆర్‌ఎఫ్‌పి భాషలో కూడా సిద్ధంగా ఉంది. చివరి 20 శాతం దగ్గర చిన్న కంపెనీలకి డబ్బు ఇబ్బంది అవుతుందని ఒక స్నేహితుడు అన్నాడు, నిజమే, వాళ్లకి దాన్ని 10 చేసి, మొదట్లో ఇచ్చే అడ్వాన్స్ పెంచొచ్చు.